ఆ చీపురు లాక్కోకండి

రెండేళ్ల బిడ్డ చీపురు పట్టుకుంటే ఇంట్లో ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి లాక్కుంటారు. ఊడ్చిన చోటే మళ్లీ దుమ్ము పోస్తుందని, కంట్లో పుల్ల గుచ్చుకుంటుందని, పని తెమలదని. పిండి కలిపేటప్పుడు చెయ్యి పెట్టబోతే టీవీ ముందు కూర్చోబెడతారు. మడతపెట్టిన బట్టలు కదిలిస్తే ఫోను చేతికిస్తారు. అదే బిడ్డకు పదకొండో పన్నెండో ఏడు వచ్చేసరికి మాట మారుతుంది. తిన్న కంచం తీయడు, మంచినీళ్లు కూడా కూర్చున్న చోటికే రావాలి, ఎంత చెప్పినా చెవికెక్కదు అంటారు. పిల్లలకు పనంటే సహజంగా ఇష్టముండదని, పెద్దయ్యాక క్రమశిక్షణతో అలవాటు చేయాలని మనలో చాలామంది నమ్మకం. నాకు మాత్రం అసలు సంగతి దీనికి తలకిందులుగా కనిపిస్తుంది. చిన్నప్పుడు పిల్లల్లో ఇష్టం ఉంటుంది, నేర్పు ఉండదు. నేర్పు లేదని మనం ఆ ఇష్టాన్ని అడుగడుగునా తోసిపుచ్చుతాం. నేర్పు వచ్చే వయసుకు ఇష్టం మిగలదు. కాబట్టి పిల్లలకు ఇంటి పని నేర్పడమంటే మొదటగా వాళ్లలో ఉన్న ఆ ఇష్టాన్ని పోనివ్వకుండా కాపాడుకోవడం.

దీనికి ఆధారాలున్నాయి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమాసెల్లో 2006లో ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. అందులో పాల్గొన్నది ఏడాదిన్నర వయసున్న 24 మంది పిల్లలు. వాళ్లకు చుట్టం కాని ఒక మనిషి తీగమీద బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడుచుకుంటాడు, వంగినా అందదు. ఇంకోసారి చేతినిండా పుస్తకాలతో బీరువా దగ్గరికి వెళ్తాడు, తలుపు తీయలేకపోతాడు. సాయం చేయమని ఎవరూ అడగలేదు, ఏమీ ఇస్తామనలేదు. అయినా 24 మందిలో 22 మంది కనీసం ఒకసారైనా వెళ్లి సాయం చేశారు. అదే మనిషి క్లిప్పును కావాలని కిందికి విసిరేసినప్పుడు పిల్లలు అంతగా కదలలేదు. అంటే వాళ్లు వస్తువు కోసం వెళ్లలేదు, ఎదుటి మనిషికి అవసరం పడిందని గ్రహించి వెళ్లారు. అంతకు చాలా ముందే, 1982లో, అమెరికా మనస్తత్వ పరిశోధకురాలు హారియట్ రైన్‌గోల్డ్ ఒక గదిని ఇల్లులా అమర్చి, మడతపెట్టాల్సిన బట్టలు, సర్దాల్సిన బల్ల, ఊడ్చాల్సిన చెత్త అందులో పెట్టి, ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల లోపు పిల్లలను తల్లిదండ్రులతో పాటు అక్కడ ఉంచారు. పెద్దవాళ్లు పని మొదలుపెట్టగానే పిల్లలు తమంతట తామే వచ్చి చేరారు. ఇంటి దగ్గర మాత్రం పిల్లలు అడ్డం రాకుండా వాళ్లు నిద్రపోయే వేళ చూసి పనులు కానిచ్చేస్తామని ఆ తల్లిదండ్రుల్లో కొందరు చెప్పారట. మన ఇళ్లలో రోజూ వినే మాటే అది.

బెంగళూరు లాంటి ఊళ్లో దీన్ని ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో అంట్లు, ఊడ్పు, తుడుపు ఒకామె చేసి వెళ్తే, వంట ఇంకొకామె చేసిపెడుతుంది. రాయలసీమ పల్లెల నుంచి, కోలారు వైపు నుంచి వచ్చి తెలుగు మాట్లాడేవాళ్లు వాళ్లలో ఎందరో. బట్టలు మెషీన్ ఉతుకుతుంది, తరిగిన కూరగాయలు ప్యాకెట్లలో వస్తాయి, నిమిషాల్లో పనివాళ్లను పంపే యాప్‌లు కూడా వచ్చాయి. సిల్క్ బోర్డు కూడలి రద్దీ దాటి రోజూ ఆఫీసుకు వెళ్లి వచ్చే మనిషికి ఈ సదుపాయాలు వద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ బిడ్డ వైపు నుంచి చూడండి. తను బడిలో ఉండగానో, నిద్ర లేవకముందో ఇల్లు శుభ్రమైపోతుంది. ఇస్త్రీ చొక్కా అల్మారాలో ఉంటుంది. జరిగే పని ఒక్కటీ కళ్లబడని బిడ్డకు అసలు పని ఉందనే తెలియదు. పల్లెల్లో వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లడం, చేటలో బియ్యం చెరగడం, బావిలో నీళ్లు చేదడం పిల్లల ఎదుటే జరిగేవి. ఎవరూ పాఠంగా చెప్పకపోయినా చూసి పట్టుకునేవారు. ఏడో అంతస్తు ఫ్లాట్‌లో ఆ చూపు దానంతటది దొరకదు, పెద్దవాళ్లే పూనుకుని కల్పించాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పనివాళ్లు రావడం ఆగినప్పుడు ఒక ఇల్లు రోజుకు ఎంత చాకిరీ అడుగుతుందో చాలా కుటుంబాలకు తెలిసొచ్చింది. చాలామంది పిల్లలు తండ్రి అంట్లు తోమడం చూసింది కూడా ఆ రోజుల్లోనే.

ఇంట్లో వద్దన్న పనినే బడిలో ఫీజు కట్టి నేర్పిస్తున్న తల్లిదండ్రులూ ఈ ఊళ్లో తక్కువేం కాదు. మరియా మాంటిస్సోరి 1907 జనవరిలో రోమ్ నగరం శాన్ లొరెంజో పేదవాడలో తొలి ‘పిల్లల ఇల్లు’ తెరిచారు. 1939లో దివ్యజ్ఞాన సమాజం పిలుపుమీద మద్రాసు అడయారుకు వచ్చి, రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె పేరు పెట్టుకున్న బడులు నేడు బెంగళూరులో పేటపేటకూ ఉన్నాయి. ఆ పద్ధతిలో అక్షరాలకన్నా ముందు వచ్చేవి ఇంటి పనులే: కూజాలోంచి గ్లాసులోకి నీళ్లు ఒంపడం, బల్ల తుడవడం, గుండీలు పెట్టడం, గింజలను చెంచాతో ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చడం. చేతికిచ్చేవి బొమ్మ సామాన్లు కావు, చిన్న చేతులకు సరిపడే నిజమైన గాజు, పింగాణీ సామాన్లు. టీచరు మాటలు తగ్గించి, నెమ్మదిగా, ఒక్కో కదలికా కనిపించేలా చేసి చూపుతుంది. నీళ్లు ఒలికితే పొరపాటు జరిగిందని బిడ్డకే తెలుస్తుంది, పక్కనే తుడుచుకోవడానికి గుడ్డ ఉంటుంది. ఈ పద్ధతంతా ఇంట్లో యథాతథంగా వాడుకోవచ్చు. పైగా బడికి లేని బలం ఒకటి ఇంటికి ఉంది. బడిలో ఒంపిన నీళ్లు మళ్లీ కూజాలోకే వెళ్తాయి. ఇంట్లో ఒంపిన నీళ్లు దాహం వేసిన తాతయ్య తాగుతాడు. ఏడాదిన్నర పిల్లలు క్లిప్పు తీసిచ్చింది అవసరాన్ని చూసే కాబట్టి, ఆ అవసరం నిజమైనదైతే పనిమీద పట్టు ఇంకా నిలుస్తుంది.

అందుకే చిన్నపిల్లలకు పని ఎంచేటప్పుడు అది ఇంటికి నిజంగా అక్కరకొస్తుందా అన్నది ముందు చూడాలి. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు మార్కెట్లు అనపకాయలతో నిండిపోతాయి. ఇక్కడివాళ్లు అవరెకాయ అంటారు, దాని పేరుమీద ఏటా మేళా కూడా జరుపుకుంటారు. రాయలసీమ ఇళ్లలోనూ, కన్నడిగుల ఇళ్లలోనూ ఆ కాయలు వలిచి, గింజలు నానబెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కోటీ నొక్కుతారు. తొక్క చేతిలో ఉండిపోయి పప్పు చటుక్కున జారిపడుతుంది. అదే పితికిపప్పు. కూరకు సరిపడా పప్పు ఒక్కరే పితకాలంటే నడుము పట్టేస్తుంది, నలుగురు చుట్టూ కూర్చుంటే కబుర్లలో అయిపోతుంది. మూడేళ్ల బిడ్డకు ఇంతకన్నా తగిన పని వెతికినా దొరకదు. కత్తి లేదు, మంట లేదు, బరువు లేదు. తప్పు జరిగితే గింజ కిందపడుతుంది, అంతే. రేపు పెన్సిలు పట్టుకోవడానికి కావలసిన వేళ్ల బలం ఇక్కడే అలవడుతుంది. నోట్లోనో ముక్కులోనో గింజ పెట్టుకోకుండా పక్కన పెద్దవాళ్లు కూర్చోవాలన్నది ఒక్కటే జాగ్రత్త. మధ్యాహ్నం కంచంలోకి వచ్చిన కూరలో తను పితికిన పప్పు ఉందని ఆ బిడ్డకు తెలుసు, ఏ మెచ్చుకోలూ దానికి సాటిరాదు. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, కరివేపాకు దూయడం, ఆకుకూర తుంచడం, ఉతికిన సాక్సులు జత చేయడం, భోజనాలకు కంచాలు పెట్టడం ఇలాంటివే. నాలుగైదేళ్లు వచ్చేసరికి చపాతీ ఉండలు చేయగలరు. ఏడెనిమిదికి బియ్యం కొలిచి, కడిగి, ఎసరు చూసుకోగలరు. పొయ్యి వెలిగించడం మాత్రం పెద్దవాళ్ల పనే.

బెంగళూరు పిల్లలకు ఈ ఊరే అప్పజెప్పిన పని ఇంకొకటి ఉంది. తడి చెత్తకు పచ్చ డబ్బా, శానిటరీ చెత్తకు ఎర్ర డబ్బా, పొడి చెత్తకు సంచి అనే పద్ధతిని కర్ణాటక హైకోర్టు 2015 డిసెంబరులో తప్పనిసరి చేసింది. దాని వెనుక పెద్ద కథ ఉంది. ఏళ్ల తరబడి ఊరి చెత్తంతా కలగలిపి మావళ్లిపుర, మండూరు లాంటి పల్లెల పక్కన గుట్టలు పోశారు. కంపు, ఈగలు, పాడైన భూగర్భజలాలు భరించలేక ఆ గ్రామస్థులు ఎదురుతిరిగితే, 2014 చివరికి గాని మండూరుకు లారీలు ఆగలేదు. అరటి తొక్క ఎటు వేయాలి, పాల ప్యాకెట్ ఎటు వేయాలి అన్నది రంగులు గుర్తుపట్టే నాలుగేళ్ల బిడ్డ కొద్దిరోజుల్లో నేర్చుకునే విషయం. ఒకసారి నేర్చుకుంటే పెద్దవాళ్ల పొరపాట్లు కూడా పట్టుకుంటారు. ఎర్ర డబ్బా, పగిలిన గాజు, బ్యాటరీలు పిల్లల జోలికి రాకూడదు. నీళ్ల సంగతీ ఇంతే. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ఊరు అల్లాడినప్పుడు, తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. కొళాయిలో వచ్చే కావేరి నీరు దాదాపు వంద కిలోమీటర్ల అవతలి నుంచి పంపులతో ఎత్తిపోస్తే వస్తుంది. బియ్యం కడిగిన నీళ్లు చిన్న చెంబుతో బాల్కనీ మొక్కలకు పోయడాన్ని ఒక బిడ్డ బాధ్యతగా ఇస్తే, రోజూ ఆ చెంబు బరువు మోసే చేతికి నీటి విలువ వేరే చెప్పనక్కర్లేదు.

నేర్పే తీరులో మనం తరచూ రెండు పొరపాట్లు చేస్తాం. ఒకటి, బిడ్డ చేసిన పనిని వాళ్ల ఎదుటే మళ్లీ చేయడం. వంకరగా మడిచిన తువ్వాలును కళ్లముందే విప్పి సరిగా మడిస్తే, నీ సాయం లెక్కలోకి రాదని చెప్పినట్టే. వంకర తువ్వాలుతో కూడా ఒళ్లు తుడుచుకోవచ్చు, అలాగే అల్మారాలో పెట్టేయాలి. నేర్పు కావాలంటే మరుసటిరోజు పక్కన కూర్చుని, నెమ్మదిగా మనం ఒకటి మడిచి చూపితే సరిపోతుంది. రెండోది, పనికి చాక్లెట్టో, డబ్బులో, నక్షత్రాల పట్టికో ముడిపెట్టడం. వార్నెకెన్, టొమాసెల్లో 2008లో ఇరవై నెలల పిల్లలతో మరో ప్రయోగం చేశారు. సాయం చేసినందుకు బహుమతి అందుకున్న పిల్లలు, తర్వాత బహుమతి లేని వేళ సాయానికి రావడం తగ్గించారు. ఏమీ అందుకోని పిల్లలు మునుపటిలాగే వచ్చారు. మెక్సికోలోని గ్వాదలహార నగరంలో లూసియా అల్కలా, బార్బరా రొగాఫ్ తదితరులు చేసి 2014లో ప్రచురించిన అధ్యయనం కూడా ఆలోచింపజేస్తుంది. అక్కడి ఆదివాసీ మూలాలున్న కుటుంబాల్లో ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు ఎవరూ చెప్పకుండానే వంటలో, తమ్ముళ్ల, చెల్లెళ్ల సంరక్షణలో కలిసిపోతుంటే, ఎక్కువ చదువుకున్న నగర కుటుంబాల పిల్లలు చెప్పిన చిన్న పనులే, అదీ తక్కువగా చేస్తున్నారు. మొదటి రకం ఇళ్లలో పసివాళ్ల సాయాన్ని, ఆలస్యమైనా సరే, రానిచ్చారు. పనులు పంచి పట్టిక గోడకు అంటించడం కంటే, పెద్దవాళ్లు చేస్తున్న పనిలో పిల్లలకు ఒక పక్క చోటివ్వడమే మంచి దారి అని నేను అనేది ఇందుకే.

చదువు మాటేమిటి అన్న ప్రశ్న తెలుగు ఇళ్లలో తప్పకుండా వస్తుంది. అబాకస్, సంగీతం, ఈత, కోడింగ్ మధ్య పని చేయడానికి తీరికెక్కడిదంటారు. అమెరికాలో దాదాపు పదివేల మంది పిల్లల వివరాలతో 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఒకటో తరగతికి ముందు ఏడాదిలో ఇంటి పనులు తరచూ చేసిన పిల్లలు మూడో తరగతికి వచ్చేసరికి తమ చదువుమీద, స్నేహాలమీద, జీవితంమీద మెరుగైన నమ్మకం కనబరిచారు. లెక్కల మార్కుల్లోనూ ముందున్నారు. కుటుంబ ఆదాయం, తల్లిదండ్రుల చదువు తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం నిలిచింది. అయితే ఇంటి పని వల్లే మార్కులు వచ్చాయని ఇది రుజువు చేయదు. పిల్లలతో కలిసి పనిచేసే ఓపిక ఉన్న ఇళ్లలో మరెన్నో మంచి అలవాట్లు ఉండవచ్చు. ఇంటి పని చేసిన పిల్లలే జీవితంలో నెగ్గుతారని హార్వర్డ్ తేల్చిందంటూ తిరిగే మాటనూ ఇంతే జాగ్రత్తగా చూడాలి. దానికి మూలంగా చెప్పే పరిశోధన బోస్టన్ పేదవాడల్లోని 456 మంది మగపిల్లలమీద జరిగింది. అందులో ఇంటి పని ఒక్కటే కాదు, బయటి చిన్నచిన్న ఉద్యోగాలు, బడి కార్యక్రమాలు అన్నీ కలిపి లెక్కించారు. పిల్లలకు పని నేర్పడానికి మార్కులను సాకుగా చూపనక్కర్లేదు. పదహారేళ్లకు హాస్టల్‌కు వెళ్లే బిడ్డ తన బట్టలు తను ఉతుక్కోగలగడం, జ్వరం వచ్చిన అమ్మకు గంజి కాచి ఇవ్వగలగడం వాటికవే చాలినంత విలువైనవి.

ఇది బాలకార్మిక వ్యవస్థకు దొడ్డిదారి కాదా అనే ఆక్షేపణను మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఇళ్లలో పనికి పెట్టుకోవడాన్ని మన దేశం 2006 అక్టోబరులో నిషేధించింది. 2016 సవరణ చట్టం ఆ వయసు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదంటూనే, బడి వేళల తర్వాత సొంత కుటుంబానికి సాయపడటాన్ని మినహాయించింది. ఐదు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు వారానికి 21 గంటలు, అంతకుమించి ఇంటి చాకిరీ చేస్తే దాన్ని బాలకార్మికంగా లెక్కించడం యునిసెఫ్ పాటించే కొలత. నేను చెబుతున్నది రోజుకు పావుగంట, పెద్దవాళ్ల పక్కన, వాళ్లతో కలిసి చేసే పని. పెద్దవాళ్లు తప్పించుకుని పిల్లలమీదికి నెట్టే పని దీనికిందికి రాదు. ఇంకో గీత కూడా చెరగకూడదు. 2023 డిసెంబరులో కోలారు జిల్లా మాలూరు తాలూకాలోని ఒక వసతి బడిలో దళిత విద్యార్థులను సెప్టిక్ గుంతలోకి దింపి శుభ్రం చేయించిన సంగతి బయటపడి రాష్ట్రమంతా అట్టుడికింది. పనిని కులాన్ని బట్టి పంచే సమాజంలో శ్రమ గౌరవం గురించి మాట్లాడేవాళ్లు మొదట చూడాల్సింది ఎవరి పిల్లల చేతికి చీపురు ఇస్తున్నామన్నది. గాంధీ తన ఆశ్రమాల్లో మరుగుదొడ్లు శుభ్రం చేసే పనిని అందరికీ వంతులవారీగా ఇచ్చింది కూడా ఈ విభజనను దెబ్బకొట్టడానికే. తరతరాలుగా చీపురు ముట్టనక్కర్లేని ఇళ్ల పిల్లలు ముందుగా ముట్టాలి, తమ మురికి తాము కడుక్కోవడం నేర్వాలి.

ఆడపిల్ల, మగపిల్లాడి సంగతీ దీన్నుంచి వేరు కాదు. ఐదు నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు అదే వయసు మగపిల్లలకన్నా 40 శాతం ఎక్కువ సమయం ఇంటి పనిలో గడుపుతున్నారని యునిసెఫ్ 2016లో ప్రపంచ లెక్క చెప్పింది. మన దేశపు 2019 కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. అసలు ఏదో ఒక ఇంటి పని చేసే మగవాళ్లే అప్పటికి వందకు 26 మంది. ఇలాంటి ఇంట్లో పని నేర్పుదామని మొదలుపెడితే అది అక్క నెత్తినే పడి, తమ్ముడు మళ్లీ టీవీ ముందుకే చేరతాడు. మగపిల్లాడు అంట్ల దగ్గర ఏమిటని ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ బాధపడవచ్చు. ఆమెతో వాదన అక్కర్లేదు, తన కొడుకే అంట్లు తోమడం ఆమె కళ్లతో చూస్తే చాలు. కేరళ ప్రభుత్వం 2024లో తెచ్చిన మూడో తరగతి పుస్తకంలో వంటింట్లో కూర్చుని కొబ్బరి కోరుతున్న తండ్రి బొమ్మ వేసింది. పిల్లలు ఏది తమ పనో, ఏది కాదో తేల్చుకునేది ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారో చూసే.

జీతమిచ్చి మనిషిని పెట్టుకున్నాక పిల్లలకు ఈ శ్రమ ఎందుకు అనేవాళ్లకు కూడా ఒక మాట. ఇళ్లలో పనిచేసేవాళ్లకు కనీస వేతనాలు ప్రకటించడంలో దేశంలో ముందడుగు వేసిన రాష్ట్రం కర్ణాటక, అది 2004లో. వారానికో సెలవు కోసం ఆ కార్మికుల సంఘాలు బెంగళూరులో ఏళ్లుగా అడుగుతున్నాయి. తను ఎప్పుడూ గిన్నె తోమని బిడ్డకు రోజుకు ఐదిళ్లలో తోమే మనిషి అలసట ఎంతో అందదు. మాడిన పాలగిన్నె ఒక్కటి రుద్దిన బిడ్డకు అందుతుంది, ఆమెను ఎలా పిలవాలో, ఎలా అడగాలో కూడా తెలుస్తుంది. ఆదివారం ఆమెకు సెలవిచ్చి, ఆ పూటకు యాప్‌లో ఇంకొకరిని పిలిపించుకోకుండా పని ఇంట్లోవాళ్లే పంచుకోవచ్చు. నాన్న గిన్నెలు తోముతుంటే ఏడేళ్ల పిల్లాడు కడిగి ఇస్తాడు, ఐదేళ్ల పాప తుడిచి బోర్లిస్తుంది, రెండేళ్లది చెంచాలు ఒక్కొక్కటే తెచ్చి అందిస్తుంది. గంటలో తేలే పనికి గంటన్నర పడుతుంది, కింద నీళ్లు కూడా ఒలుకుతాయి, గుడ్డ దగ్గరే పెట్టుకోవాలి.